నొప్పి లేని ఫత్ఖ్: నిరీక్షణ, చికిత్సల చరిత్ర

మానవుడు సాధారణంగా రోగాన్ని నొప్పితో కొలుస్తాడు. నొప్పి లేకపోతే రోగమే లేదనుకుంటాడు. ఈ కొలతకు లొంగని వ్యాధులలో హెర్నియా ఒకటి. అరబ్బీ వైద్యులు దీనిని ‘ఫత్ఖ్’ అన్నారు. చీలిక అని ఆ మాటకు అర్థం. ఆయుర్వేదంలో ఇది ‘ఆంత్రవృద్ధి’. కడుపు గోడలో బలహీనమైన చోటు నుండి పేగు గాని, కొవ్వు పొర గాని వెలుపలికి ఉబుకుతుంది. నిలబడినపుడు, దగ్గినపుడు గజ్జలో వాపు కనిపిస్తుంది. పడుకుంటే లోపలికి పోతుంది. అనేకులు నొప్పి ఎరుగకుండానే దీనితో ఏళ్ల తరబడి జీవిస్తారు. అట్టి వారికి చికిత్స ఎప్పుడు అవసరం? ఈ ప్రశ్న వెయ్యేళ్ల నాటిది.

స్పెయిన్‌లోని కర్తబా సమీపాన పదవ శతాబ్దంలో జీవించిన అబుల్ ఖాసిం అల్ జహ్రావీ తన ‘అత్తస్రీఫ్’ గ్రంథంలోని ముప్పయ్యవ భాగాన్ని శస్త్రచికిత్సకే కేటాయించాడు. కొత్తగా వచ్చిన ఫత్ఖ్‌లో పేగును వ్రేళ్లతో లోనికి నెట్టి, ఆ చోట సిరాతో గుర్తు పెట్టి, కాల్చిన ఇనుముతో వాత వేసే పద్ధతిని ఆయన వర్ణించాడు. ఆ పిదప రోగి చాలా రోజులు వెల్లకిలా పడుకోవాలి, లేచిన తర్వాత కట్టు ధరించాలి. అయితే కత్తి పట్టే విషయంలో ఆయన ఎంతో జాగ్రత్త బోధించాడు. రోగికి మేలు చేసే శస్త్రచికిత్స ఒకటి, ప్రాణాపాయం తెచ్చేది మరొకటి అని విభజించి, రెండవ దానికి దూరంగా ఉండమని శిష్యులను హెచ్చరించాడు. మత్తుమందు, క్రిమిసంహారకాలు లేని ఆ కాలంలో రోగం కంటే చికిత్సే ఎక్కువ ప్రమాదకరం. కనుక ఆనాటి నిరీక్షణ పిరికితనం కాదు, వివేకం.

ఈ చరిత్రలో హైదరాబాదుకు కూడా స్థానం కలదు. 1888లో ఇక్కడ స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్, పదమూడవ శతాబ్దపు క్రైస్తవ వైద్యుడు ఇబ్నుల్ ఖుఫ్ శస్త్రచికిత్సపై అరబ్బీలో రచించిన ‘అల్ ఉమ్దా’ను 1937లో ప్రచురించింది. అదే 1888లో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యాన మొదటి క్లోరోఫారం కమిషన్, మరుసటి ఏడు నిజాం ఆర్థిక సహాయంతో రెండవ కమిషన్ ఈ నగరంలోనే పరిశోధనలు సాగించాయి. క్లోరోఫారం గుండెకు నేరుగా హాని చేయదన్న వారి నిర్ణయం తర్వాతి పరిశోధనల ముందు నిలువలేదు. అయినా, రోగికి మత్తును నిరపాయం చేయాలన్న ఆ తపన గమనార్హం.

1887లో ఇటలీ వైద్యుడు బస్సీనీ గజ్జ గోడను కుట్టి బలపరచే విధానాన్ని ప్రకటించాడు. 1989లో అమెరికాలో లిక్టెన్‌స్టీన్ బృందం వల అమర్చే పద్ధతిని వివరించింది. దీంతో త్రాసు తిరగబడింది. శస్త్రచికిత్స సులువైంది, వాపు కనిపించగానే కోయాలన్న అభిప్రాయం బలపడింది.

ఆ అభిప్రాయాన్ని కూడా పరీక్షించారు. ఉత్తర అమెరికాలో నొప్పి లేని, లేదా స్వల్పంగా ఉన్న 720 మంది పురుషులపై జరిగిన అధ్యయనం 2006లో వెలువడింది. వేచి ఉన్నవారిలో పేగు చిక్కుకునే ప్రమాదం ఏడాదికి వెయ్యి మందిలో ఇద్దరికి లోపే. అయితే రెండేళ్లలో నూటికి 23 మంది శస్త్రచికిత్సకు మారారు. 2013లో ప్రకటించిన అంచనా ప్రకారం పదేళ్లలో అలా మారినవారు నూటికి 68 మంది. ప్రధాన కారణం నొప్పి. అనగా నిరీక్షణ క్షేమమే గాని, చాలామందికి అది వాయిదా మాత్రమే. శస్త్రచికిత్స తర్వాత కొందరికి నొప్పి మిగిలిపోతుంది కనుక ఆ వాయిదాకూ విలువ ఉంది. స్త్రీలకు ఈ సూత్రం వర్తించదు. వారిలో తొడ మొదట వచ్చే రకం త్వరగా చిక్కుకుపోతుంది కనుక ఆలస్యం తగదు.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి కొండాపూర్, మాదాపూర్ పరిసరాలు మేడలతో నిండాయి. అక్కడ సిమెంటు బస్తాలు మోసేవారూ ఉన్నారు, రాత్రింబవళ్లు కుర్చీలో పనిచేసేవారూ ఉన్నారు. కూలి పోతుందని ఒకరు, సెలవు దొరకదని మరొకరు, సిగ్గుతో ఇంకొకరు వాపును దాచుకోవడం ఎక్కడైనా జరిగేదే. అది నిరీక్షణ కాదు, నిర్లక్ష్యం. నిరీక్షణ అంటే వైద్యుడు చూసి, రోగనిర్ధారణ చేసి, గమనిస్తూ ఉండడం.

సిగ్గు విషయంలో షరీఅత్ మార్గం సుగమం చేసింది. చికిత్స కోసం అవసరమైనంత మేరకు వైద్యునికి సతర్ చూపడాన్ని ఫిఖహ్ పండితులు అనుమతించారు. వంగడం, సజ్దా చేయడం కష్టమైన వ్యాధిగ్రస్తునికి కూర్చుని నమాజు చేసే సౌలభ్యం ఉంది. చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (సల్లం) ఆదేశించినట్లు హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి.

వాపు పెరుగుతున్నా, పనికి అడ్డువస్తున్నా, నొప్పి మొదలైనా వైద్యునితో శస్త్రచికిత్స గురించి మాట్లాడే సమయం వచ్చినట్లే. లోపలికి పోయే వాపు హఠాత్తుగా గట్టిపడి, పోకుండా నిలిచి, తీవ్రమైన నొప్పి, వాంతులు, మలబంధం కలిగితే, లేక చర్మం ఎర్రబడితే గంటలు లెక్కించరాదు. వెంటనే ఆస్పత్రికి చేరాలి. అల్ జహ్రావీ కాలంలో ఆ ఘడియ వచ్చాక చేయగలిగింది బహుస్వల్పం. నేడు సకాలంలో చేరితే ప్రాణం దక్కుతుంది.