కొండవీటి చాంతాడు



ఎవరైనా ప్రార్థన మరీ పొడుగ్గా చేస్తే "కొండవీటి చాంతాడులాగా సాగదీశాడు" అని మనవాళ్ళు నవ్వుకుంటారు. పెళ్ళి సామాన్ల పట్టీ పొడుగైనా అదే మాట. చాంతాడంటే బావిలో చేదకు కట్టే తాడు. కొండవీటి సీమలో బావులు చాలా లోతని, అక్కడ నీళ్ళు తోడాలంటే మోయలేనంత తాడు కావాలని, అందుకే ఆ సామెత పుట్టిందని పెద్దలు చెబుతారు. తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు పుట్టిన మనం ఈ మాట రోజూ వాడతాం గాని ఆ కొండను చూసినవాళ్ళు మన సంఘంలో ఎంతమంది? మన కంటికి కనిపించేదంతా వరి చేలు, కాలవ గట్లు, తాటి చెట్లు. నేల ఎత్తుగా లేచి నిలబడడం మన పిల్లలు పుస్తకాల్లో బొమ్మగానే చూశారు. అందుకని మొన్న దసరా సెలవుల్లో యవనస్థులను, కొందరు పెద్దలను వెంటబెట్టుకుని కొండవీడు వెళ్ళివచ్చాము.

తెల్లవారకముందే తెనాలిలో బయలుదేరాం. గుంటూరు దాటి, చిలకలూరిపేట హైవే మీద కొంతదూరం పోయి కుడిచేతి వైపు తిరిగితే మాగాణి సంగతి మరిచిపోవలసిందే. అంతా నల్లరేగడి, పత్తి చేలు, మిరప తోటలు. వాటి వెనకాల ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకున్నట్టు కొండల వరుస. ఇప్పుడు పైదాకా ఘాట్ రోడ్డు ఉంది. పెద్దవాళ్ళు వ్యానులో ఆ దారిన వచ్చారు. మేము పిల్లలతో కలిసి పాత మెట్ల దారిన నడిచాం.

దారి పొడుగునా అడవే. పెద్ద మానులు తక్కువ. ముళ్ళ పొదలు, వాటి మధ్య సీతాఫలం చెట్లు. వానాకాలం చివర కావడంతో కొండంతా పచ్చగా ఉంది. అరగంట ఎక్కేసరికి మా డెల్టా కాళ్ళు మొరాయించాయి. ఒక మలుపు దగ్గర కూర్చుంటే ఒక లోయ కింద, ఇంకో కొండ ఎదురుగా. ఆ కొండ అంచు మీద కూడా రాతి గోడ. "అయ్యగారూ, అంత పైకి ఆ రాళ్ళు ఎవరు మోశారు?" అని ఒక కుర్రవాడు అడిగాడు. వెంటనే చెప్పడానికి మా దగ్గర రాజుల పేర్లే ఉన్నాయి.

ఆ పేర్లు ఇవి. కాకతీయుల రాజ్యం కూలాక ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా రెడ్డి రాజ్యం నిలబెట్టాడు. మహాభారతంలో మిగిలిపోయిన అరణ్యపర్వ భాగాన్ని తెలుగులో పూర్తిచేసిన ఎర్రాప్రగడ ఆయన ఆస్థానంలోని వాడే. ఆయన కొడుకు అనవోతారెడ్డి రాజధానిని అద్దంకి నుంచి ఈ కొండకు మార్చాడు. తరవాత అనవేమారెడ్డి, కుమారగిరిరెడ్డి, పెదకోమటి వేమారెడ్డి, చివర రాచవేమారెడ్డి. పెదకోమటి వేముడి కొలువులో శ్రీనాథుడు విద్యాధికారి. కుమారగిరి కాలంలో ఏటా వసంతోత్సవాలు ఎంత ఘనంగా చేసేవారంటే, ఆయనకు కర్పూర వసంతరాయలనే పేరు వచ్చింది. వాటికి కావలసిన కర్పూరం, సుగంధ ద్రవ్యాలు అవచి తిప్పయ్యశెట్టి అనే వర్తకుడు సముద్రాల అవతల నుంచి తెప్పించేవాడు. మోటుపల్లి రేవు ఆ రాజ్యంలోదే. అది ఇప్పటి మన బాపట్ల జిల్లా తీరమే.

పైకి చేరాక బురుజులు చూశాం. కూలిన ధాన్యం కొట్లు, పాడుపడ్డ మంటపాలు, ఒక మసీదు చూశాం. గోడ మీద చెయ్యి ఆనించి నిలబడితే ఇక్కడికి శత్రువు రాగలడా అనిపిస్తుంది. కాని వచ్చాడు, ఒకసారి కాదు. 1424 నాటికి రెడ్ల ఏలుబడి ముగిసింది. తరవాత కొండ గజపతుల చేతికి పోయింది. 1515లో శ్రీకృష్ణదేవరాయలు ముట్టడించి గెలిచాడు. ఆ తరవాత గోల్కొండ నవాబులు పట్టుకుని ముర్తజానగరమని పేరు పెట్టారు. పరాసువారు వచ్చారు. చివరికి 1788లో గుంటూరు సర్కారుతో పాటు ఇంగ్లీషువారి వశమైంది. ఇన్ని చేతులు మారినా ఈ గోడలు ఏ రాజునూ శాశ్వతంగా కాపాడలేదు.

రాచవేముడి గురించి స్థానిక చరిత్రల్లో ఒక కథ ఉంది. ఆయన ప్రజల మీద పురిటి సుంకం వేశాడట. ఇంట్లో బిడ్డ పుడితే రాజుకు పన్ను కట్టాలి. సవరం ఎల్లయ్య అనే నాయకుడు ఆ సుంకం భరించలేక రాజును పొడిచి చంపాడని చెబుతారు. కథలో చరిత్ర ఎంత, కల్పన ఎంత అన్నది పండితులు తేల్చవలసిన సంగతి. కాని ఆరువందల ఏళ్ళు జనం నోట నిలిచింది రాజు గెలిచిన యుద్ధాలు కావు, బాలింత గుమ్మం ముందు నిలబడి సుంకం అడిగిన సంగతి. ఈ కథ చెబుతుంటే మా ఆడపిల్లలు నవ్వడం మానేసి విన్నారు.

అక్కడి నుంచి చెరువుల దగ్గరికి నడిచాం. కొండ మీద చెరువులేమిటని మీరు ఆశ్చర్యపోవచ్చు. ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ళ చెరువు. మూడింటినీ ఒకటి నిండితే నీరు ఇంకోదానిలోకి దిగేటట్టు కట్టారు. కొండ శిఖరాల మీద పడిన వాన చినుకును పల్లానికి జారిపోకుండా పట్టుకోవడమే ఆ ఏర్పాటు. చుట్టూ చెట్లు, మధ్యలో నిశ్చలంగా నీళ్ళు. గోడలు కూలాయి, మంటపాల కప్పులు పోయాయి. చెరువులు మాత్రం చేసే పని మానలేదు. మేము వెళ్ళినప్పుడు కూడా నీళ్ళున్నాయి.

వ్యానులో వచ్చిన పెద్దవాళ్ళు అక్కడ మమ్మల్ని కలిశారు. వారిలో డెబ్భై దాటిన మామ్మ ఒకామె ఉన్నది. ఆమె చాలాసేపు గట్టు మీద కూర్చుని నీళ్ళ వంకే చూసి, "ఇందులో మనోళ్ళని ముంచుకోనిచ్చేవాళ్ళా అయ్యా?" అని అడిగింది. మాకు జవాబు దొరకలేదు. ఆమే చెప్పుకుంది. చిన్నప్పుడు వాళ్ళ ఊరి మంచినీళ్ళ చెరువులో పేటవాళ్ళు కడవ ముంచకూడదు. వాళ్ళమ్మ కడవతో రేవు పక్కన ఎండలో నిలబడేది. ఎవరైనా దయతలచి పైనుంచి పోస్తే పట్టుకునేది. ఎవరూ రాకపోతే పొద్దెక్కేదాకా అలాగే నిలబడేది. పక్కనే చెరువు నిండా నీళ్ళు.

కుర్రవాడి ప్రశ్నకు అప్పుడు మాకు సగం జవాబు దొరికింది. రాళ్ళు మోసినవాళ్ళ పేర్లు శాసనాల్లో లేవు. వాళ్ళు ఎవరై ఉంటారో ఆ మామ్మకు తెలుసు, మాకూ తెలుసు. బావి ఎంత లోతైనా తాడు పేనుకుంటే నీళ్ళు అందుతాయి. చేద వేయవద్దన్నవాడికి ఎంత పొడుగు చాంతాడు ఉండి ఏం లాభం?

ఆ గట్టు మీదే కూర్చుని యోహాను సువార్త నాలుగో అధ్యాయం చదువుకున్నాం. ఎన్నోసార్లు ప్రసంగించిన భాగమే. కాని అక్కడ బావి లోతైనదనీ, ప్రభువు చేతిలో చేద లేదనీ ఆ స్త్రీ గుర్తుచేసే మాట ఆ రోజు కొత్తగా వినిపించింది. దాహంతో, తోడుకునే సాధనం లేకుండా, ఒకరు పోస్తే తప్ప తాగలేని స్థితిలో ఆయన బావి గట్టున కూర్చున్నాడు. మామ్మ వాళ్ళమ్మ నిలబడిన చోటే ఆయన కూర్చున్నాడు.

ఇంకొక సంగతి. మన డెల్టాకు కూడా నీళ్ళు ఊరికే రాలేదు. 1832-33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు సీమను పెద్ద కరువు ఊడ్చేసింది. లక్షన్నర నుంచి రెండు లక్షల మంది పోయారని అంచనా. పదేళ్ళకు, 1842 జూలై 31న, ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టినప్పుడు ఆ కరువు దాటినవాళ్ళు ఊరూరా ఉన్నారు. బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టింది 1852 నుంచి 1855 దాకా. ఆనకట్ట నీళ్ళు కాలవల్లో పారాకనే మన ఊళ్ళు పచ్చబడ్డాయి. మనం కొండవీటి చాంతాడును సామెతగా మాత్రమే మిగుల్చుకోగలిగింది ఆ నీళ్ళ వల్లనే. కాలవ వచ్చిన తరవాత కూడా రేవులో అందరికీ చోటు రావడానికి ఎన్నాళ్ళు పట్టిందో మామ్మ మాటల్లో విన్నారు కదా.

దిగేటప్పుడు కొండ కింద ఒకమ్మ తట్టలో సీతాఫలాలు అమ్ముతున్నది. ఈ కొండ సీతాఫలాలకు మంచి పేరు. సీతమ్మ పేరు పెట్టుకున్నాం గాని ఆ చెట్టు పుట్టిల్లు అమెరికా ఖండం. పోర్చుగీసువారి ఓడల్లో మన దేశం చేరింది. ఎక్కడి నుంచో వచ్చిన మొక్క ఈ రాళ్ళలో వేళ్ళూనుకుని, ఇప్పుడు ఈ చుట్టుపక్కల పేదలకు రెండు నెలలు కూడు పెడుతున్నది. ఈ కొండల నీరే కొండవీటి వాగై పారి ఉండవల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది.

ఆ అమ్మ దగ్గర మేము తాగడానికి నీళ్ళు అడిగాం. తన సీసా తీసి ఇచ్చింది. మీరెవరు, ఏ ఊరు అని అడగలేదు. మామ్మ ముందు తాగి, సీసా తుడవకుండానే పక్కనున్న పిల్లకు అందించింది.

ప్రియులారా, వీలైతే ఈ చలికాలంలో మీ పిల్లలను కొండవీడు తీసుకువెళ్ళండి. బురుజులు చూపించండి, రాజుల పేర్లు చెప్పండి. తరవాత చెరువు గట్టున కూర్చోబెట్టి, ఇంట్లో పెద్దవాళ్ళు ఏ రేవులో నిలబడ్డారో కూడా చెప్పండి. ఈ వేసవిలో మన మందిరం గేటు దగ్గర చలివేంద్రం పెట్టాలని యవనస్థులు వ్యానులోనే తీర్మానించుకున్నారు. కుండ లోపల కాదు, రోడ్డు మీదకు పెట్టాలన్నది మామ్మ షరతు.

దేవుడు మిమ్మల్ని దీవించును గాక. ఆమేన్.