మనం ఓడగొట్టిన పెద్దమనిషి

ఇటు జరుగుండ్రి బిడ్డా, అటు దిక్కు పొగ మర్లుతున్నది. ఆ మక్కబెండ్లు ఇంకో నాలుగు వెయ్యి. ఢిల్లీల మంత్రివర్గం ఎట్ల కడతరు తాతా అని అడిగినవ్ గదరా చిన్నోడా. నీ బడి పుస్తకంల ఉన్నది నిజమే. ప్రధానమంత్రిని రాష్ట్రపతి నియమిస్తడు, తక్కినోళ్లను ప్రధాని చెప్పినట్టు నియమిస్తడు. కానీ ఆ చెప్పే మనిషి మీద ఎంత బరువు ఉంటదో నాకు 1991ల ఎరుకైంది. మన పీవీ కట్టిన మంత్రివర్గంతోని.

ముందుగాల ఒక మాట ఒప్పుకోవాలె. 1984ల మన హన్మకొండ సీటుల ఆయనను ఓడగొట్టింది మనమే. దేశమంత కాంగ్రెస్ గాలి. బీజేపీకి వచ్చినయే రెండు సీట్లు, అందుల ఒకటి మనది. చందుపట్ల జంగారెడ్డి గెలిచిండు. నేను గూడ ఆయనకే ఏసిన. మా నాయిన మాత్రం పీవీకే ఏసిండు. ఆ యేడు పీవీ మహారాష్ట్రల రాంటెక్ నుంచి గెలిచి ఢిల్లీల నిలిచిండు. పీవీ ఊరు వంగర మన ఊరికి నాలుగు కోసులు గూడ లేదు బిడ్డా. మనింటి మనిషికి పరాయి ఊరోళ్లు పీట వేసినట్టయింది.

1991ల ఆయన ఎన్నికలల్ల నిలబడనే లేదు. పాణం బాగుండక, పుస్తకాలు పెట్టెలల్ల కట్టి హైదరాబాద్ పంపిండు, ఇగ ఇంటికి మర్లుదామని. అంతల మే 21 రాత్రి శ్రీపెరంబుదూర్‌ల రాజీవ్ గాంధీని చంపిండ్రు. సరిగ్గ నెలకు, జూన్ 21 శుక్రవారం నాడు, పీవీ ప్రధానిగ ప్రమాణం చేసిండు. ఇంకో వారమైతే డెబ్బై నిండుతయ్.

చేతికొచ్చిన ఇల్లు ఎట్లున్నదో చూడుండ్రి. పార్లమెంటుల సగం బలం లేదు, 230 పైచిలుకు సీట్లే. ఖజానల విదేశీ డబ్బు రెండు మూడు వారాల దిగుమతులకే సరిపోతది. మే నెలలనే 20 టన్నుల బంగారం దేశం దాటింది. పుస్తెలతాడు కుదువబెట్టి బియ్యం తెచ్చుకున్న ఇల్లు ఎట్లుంటదో, దేశం అట్లున్నది.

ఇప్పుడు శాఖలు పంచాలె. ప్రధాని కుర్చీ మీద ఆశపడ్డ పెద్దోళ్లు ఉన్నరు, శరద్ పవార్, అర్జున్ సింగ్. వాళ్లను బయట పెట్టలే. పవార్‌కు రక్షణ, అర్జున్ సింగ్‌కు మానవ వనరులు ఇచ్చిండు. హోం శాఖ ఎస్.బి. చవాన్‌కు, వ్యవసాయం బలరాం జాఖడ్‌కు, రైల్వేలు జాఫర్ షరీఫ్‌కు. మన కర్నూలు కోట్ల విజయభాస్కర్ రెడ్డికి న్యాయశాఖ. విదేశాంగం, హోం, రక్షణ, మానవ వనరులు, అన్నీ పీవీ అంతకుముందు తానే చేసిన శాఖలు. ఏ కుర్చీల ఎంత పని ఉంటదో ఆయనకు కొత్తగ చెప్పేటోడు లేడు.

అసలు కథ ఆర్థిక శాఖది. ముందు ఆర్థికవేత్త ఐ.జి. పటేల్‌ను అడిగిండ్రు, ఆయన రానన్నడు. అప్పుడు మన్మోహన్ సింగ్. రిజర్వ్ బ్యాంక్ గవర్నర్‌గ చేసినోడు, అప్పటికి యూజీసీ అధ్యక్షుడు. ఏ ఎన్నికల గెలిచినోడు కాదు. పీవీ దిక్కు నుంచి పి.సి. అలెగ్జాండర్ అనే పెద్దమనిషి కబురు మోసుకపోయిండు. మన్మోహన్ దాన్ని నమ్మక, తెల్లారి మామూలుగ ఆఫీసుకు పోయి కూసున్నడు. పీవీయే ఫోన్ చేసి, ఇంటికి పోయి తయారై ప్రమాణానికి రమ్మని పిలువవలసొచ్చింది. ఓట్లు తెచ్చే మనిషిని కాదు, లెక్క తెలిసిన మనిషిని తాళంచెవి పట్టుకోమన్నడు. సగం బలం లేనోడు అట్ల చేసుడు మామూలు ధైర్యం కాదు.

ఆ రాత్రి సర్పంచ్ ఇంట్ల టీవీ ముందట ఊరు ఊరంత కూసున్నది. ఒకడు పైకెక్కి ఏంటెన తిప్పుతుంటే, బొమ్మ వచ్చుడు పోవుడు. తలపాగ పెట్టుకున్న ఆయన ఎవరని అడిగితే ఒక్కరికీ తెలువలే. ఆ తలపాగ రంగు గూడ తెలువలే, బ్లాక్ అండ్ వైట్ టీవీ గద.

పరిశ్రమల శాఖ మాత్రం పీవీ తన దగ్గరనే పెట్టుకున్నడు. ఎందుకో నెల తిరగంగనే తెలిసింది. జూలై 24 నాడు కొత్త పరిశ్రమల విధానం సభ ముందుకొచ్చింది, చానా మటుకు లైసెన్సులు ఎత్తేసిండ్రు. అదే నాడు మన్మోహన్ బడ్జెట్ చదివిండు. కోపమొస్తే ముందు తన మీదికే రావాలెనని ఆ శాఖను ఒళ్లె పెట్టుకున్నడని నేననుకుంట.

ఇంకో ముచ్చట. ప్రమాణం చేసిన నాడు ప్రధాని గూడ, ఆర్థిక మంత్రి గూడ ఏ సభల సభ్యులు కారు. రాజ్యాంగంల ఆరు నెలల గడువున్నది, ఆలోపు గెలవాలె. మన్మోహన్ అస్సాం నుంచి రాజ్యసభకు పోయిండు. పీవీ కోసం నంద్యాల సీటు ఖాళీ చేపిచ్చిండ్రు. తెలుగోడు ప్రధాని అయిండని ఎన్టీఆర్ తన పార్టీ మనిషిని నిలబెట్టలే. నవంబర్‌ల 5 లక్షల 80 వేల మెజారిటీ వచ్చింది.

ఆ వార్త మా నాయిన రేడియోల విన్నడు. విని బందు చేసి, చానాసేపు అరుగు మీద ఊకెనే కూసున్నడు. అటెన్క నా దిక్కు చూసి, "నంద్యాలోళ్లు ఏసిండ్రురా" అన్నడు. ఇంకేమనలే. నేను తలకాయ దించుకుని బాయి కాడికి నడిచిన.