రాయకోట కనుమ

హోసూరునుండి కృష్ణగిరికి పోవు మార్గమున భూమి మెట్టుమెట్టుగా క్రిందికి దిగును. హోసూరు సముద్రమట్టమునకు ఇంచుమించు 3000 అడుగుల యెత్తున నున్నది. కృష్ణగిరి యెత్తు అందులో రమారమి సగము. పై సీమను బాలాఘాటమనియు, క్రింది సీమను బారామహలనియు పూర్వులు వ్యవహరించిరి. నందికొండలలో పుట్టిన దక్షిణపినాకినియు హోసూరు ప్రాంతమును దాటి కృష్ణగిరివైపునకే దిగును. సేనలకును బండ్లకును అనువైన త్రోవలు మాత్రము కొన్నియే. వానిలో ముఖ్యమైనది రాయకోట కనుమ. అచటి కొండపై కోటను పట్టినవానికి మైసూరు పీఠభూమి కెక్కువారందరును కంటబడుదురు.

1565లో తళ్లికోట యుద్ధము ముగిసిన పిదప విజయనగర ప్రభువులు పెనుగొండ చేరిరి. ఆ దుర్గమును బిజాపురపు సేనలనుండి కాపాడిన జగదేవరాయలికి చన్నపట్టణముతోపాటు బారామహలును జాగీరుగ లభించెను. ఒకటి కనుమలకు పైన, ఒకటి క్రింద. రెంటిని ఏలువానికి త్రోవ చేతిలో లేనిదే గడవదు. ‘బారా’ యనగా పండ్రెండు. పండ్రెండు కోటల సీమ యని పెద్దలందురు గాని, ఆ పండ్రెండును ఏవియని అడిగినచో ఒక్కొక్క జాబితా ఒక్కొక్క తీరుగ నుండును.

హైదరు, టిప్పుల కాలమున ఈ సీమకు నిదుర లేదు. 1768లో ఆంగ్లేయులు కృష్ణగిరిని ముట్టడించి లొంగదీసిరి. మరుసటి యేటి సంధితో అది హైదరునకు తిరిగివచ్చెను. 1791 జూలైలో హోసూరును రాయకోటయు వారి వశమైనవి. ఆ నవంబరులో మాక్సువెల్ కృష్ణగిరి పేటను పట్టెను గాని పైకోట నెక్కలేక మరలిపోయెను. ఆ కొండను చూచినవారికి అది వింతగా తోచదు. 1792 శ్రీరంగపట్టణపు సంధితో బారామహలు కుంపిణీకి పోయెను. హోసూరు టిప్పుకే మిగిలెను. అంతట కనుమయే సరిహద్దయ్యెను. ఒకనాటి నడకలో నున్న ఊళ్లు ఏడేండ్లు వేర్వేరు ప్రభుత్వములకు పన్ను కట్టినవి. 1799లో హారిసు సేన రాయకోట మీదుగనే మైసూరు చొచ్చెను. మే 4న శ్రీరంగపట్టణము కూలెను.

ఈ సీమలో మనలను వలసవచ్చినవారని యొక్కమాటతో తేల్చువారు గలరు. తెలుగువారు ఇచటికి ఒక్కనాడు వచ్చినవారు కారు. పలు తరములుగ పలు త్రోవల చేరిరి. 1956లో భాషనుబట్టి రాష్ట్రములను విభజించినపుడు హోసూరు మదరాసు రాష్ట్రముననే నిలిచెను. గీతలు మారినవి, మనము మారలేదు. అట్లని పేరునుబట్టి ఊరు మనదని వాదించుట మాకు సమ్మతము గాదు. రాయకోట యన్నది తెలుగు చెవికి ఇంపే గాని, హోసూరు కన్నడపు ‘కొత్త ఊరు’, కృష్ణగిరి సంస్కృతము.

మరియొక సంగతి. 1792 మొదలు 1799 వరకు బారామహలులో రీడు దొరచేతిక్రింద పనిచేసిన థామస్ మన్రో, 1800లో దత్తమండలములకు కలెక్టరుగ వెళ్లెను. రైతుతో నేరుగ పన్ను తీర్మానించు పద్ధతిని ఈ కొండల క్రింద నేర్చి, అనంతపురము, కడప, బళ్లారి సీమలలో ప్రవేశపెట్టెను. రాయలసీమ రైతువారీ లెక్కలకు ఓనమాలు దిద్దినది కృష్ణగిరి చుట్టునున్న చేలలోనే.