ఇరవై తొమ్మిదేళ్లకి నర్సింగా? దుర్గాబాయమ్మని అడుగుదాం

ఈ ఎపిసోడ్ మా పిన్ని కూతురు అడిగిన ఒక ప్రశ్న వల్ల వచ్చింది. ఆమెది మైపాడు దగ్గర. బీకాం చదివి, రొయ్యల ప్రాసెసింగ్ కంపెనీలో అకౌంట్స్ చూస్తోంది. వాళ్ల నాయనమ్మ ఆసుపత్రిలో ఉన్న నెల రోజులూ పక్కనే ఉండి అన్నీ చూసుకుంది. వచ్చాక నాకు ఫోన్ చేసి, "అన్నా, ఇప్పుడు నర్సింగ్‌లో చేరితే జనం నవ్వుతారా?" అంది. వయసు ఇరవై తొమ్మిది.

నవ్వేవాళ్లు అప్పుడూ ఉన్నారు. ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు అందరం విన్నాం కదా. ఆమె ఇంట్లోవాళ్లు ఏళ్ల తరబడి ఒప్పుకోలేదు. చివరికి 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో శిక్షణకి వెళ్లేనాటికి ఆమెకి 31 ఏళ్లు. లండన్‌లో ఆమె పేరుతో నర్సింగ్ స్కూల్ 1860లో మొదలైంది. ఆ తర్వాత పదకొండేళ్లకే, 1871లో, మద్రాసు జనరల్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణ మొదలుపెట్టారు. అప్పుడు మన నెల్లూరు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. అంటే ఈ చదువు మనకి మరీ దూరంగా ఏమీ లేదు.

మరి అడ్డం ఎక్కడ? మెట్రిక్ దగ్గర. చిన్నప్పుడే పెళ్లయిన ఆడవాళ్లకి, భర్త పోయినవాళ్లకి చదువు మధ్యలోనే ఆగిపోయేది. సర్టిఫికెట్ లేకపోతే శిక్షణలో సీటు రాదు.

ఈ ముడి విప్పింది మన తెలుగావిడే, దుర్గాబాయి దేశ్‌ముఖ్. 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. పెద్దయ్యాక ఆ పెళ్లి వద్దనుకున్నారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లారు. తిరిగొచ్చాక, ఇరవై దాటిన వయసులో, బెనారస్ మెట్రిక్ పాసయ్యారు. తర్వాత బీఏ, ఆపైన లా. మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి, తనలాగా చదువు ఆగిపోయిన వాళ్లని మెట్రిక్‌కి తయారు చేశారు.

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి ఆమె అధ్యక్షురాలయ్యారు. పల్లెలకి నర్సులు, మంత్రసానులు, టీచర్లు కావాలి. కానీ పల్లెల్లో చదువుకున్న ఆడవాళ్లు తక్కువ. అందుకని 1958లో బోర్డు ఒక కోర్సు మొదలుపెట్టింది: పెద్దవయసు ఆడవాళ్లకి రెండేళ్లలో మెట్రిక్. అది పాసైతే శిక్షణలో చేరొచ్చు. 'ఇంత లేటుగానా?' అని అడగడం మానేసి, 'ఏం తగ్గింది? అది నేర్పుదాం' అన్న పథకం అది.

ఇప్పటి సంగతి చూద్దాం. అమెరికాలో వేరే డిగ్రీ ఉన్నవాళ్లకి ఏడాది, ఏడాదిన్నరలో పూర్తయ్యే నర్సింగ్ కోర్సులున్నాయి. మన దగ్గర అలాంటిది లేదు. బీకాం ఉన్నా చూసేది ఇంటర్‌నే. బీఎస్సీ నర్సింగ్‌కి ఇంటర్‌లో బయాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉండాలి. మా చెల్లెలిది సీఈసీ, కాబట్టి ఆ తలుపు మూసుకున్నట్టే.

కానీ జీఎన్ఎం ఉంది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ రూల్ ప్రకారం ఇంటర్ ఏ గ్రూపైనా పర్లేదు. ఇంగ్లీషు ఉండాలి, 40 శాతం మార్కులు రావాలి, వయసు 35 దాటకూడదు. చదువు మూడేళ్లు. అది పాసైనవాళ్లు తర్వాత పోస్ట్ బేసిక్ బీఎస్సీ కూడా చేయొచ్చు. చేరేముందు ఆ స్కూల్‌కి కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి.

ఈ లెక్కన మా చెల్లెలికి ఇంకా ఆరేళ్ల టైముంది. కష్టం వయసుతో కాదు, జీతం లేని ఆ మూడేళ్లతో. ఇంటికి డబ్బు పంపేది ఆమే మరి. దుర్గాబాయమ్మ పథకంలాంటి చేయూత ఈ డిగ్రీవాళ్లకి కూడా ఉంటే బాగుండేదని నాకనిపిస్తుంది.

చేరిందా అంటే, ఇంకా లేదు. నిన్న ఫోన్ చేస్తే ఇంట్లో ఇంటర్ మార్కుల మెమో వెతుకుతోంది. దొరికాక చెప్తా. ఉంటాను.