గర్భం నిలవకపోతే సెలవు ఉందా, డబ్బు వస్తుందా? ఆరు వారాల వెనక చరిత్ర

ఇవాళ మాట్లాడేది మన ఇళ్లల్లో గట్టిగా మాట్లాడని విషయం. కడుపు నిలవలేదంటారు, అబార్షన్ అయిపోయిందంటారు, అక్కడితో మాట ఆగిపోతుంది. ఆవిడకి సెలవు ఉందా, జీతం వస్తుందా, ప్రభుత్వం ఇస్తానన్న డబ్బు సంగతేంటి అని అడగడానికి ఎవరికీ నోరు రాదు. అందుకే చరిత్రలోంచి వద్దాం. ఏ హక్కు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిస్తే ఎవరిని ఏం అడగాలో తెలుస్తుంది.

1919లో వాషింగ్టన్‌లో అంతర్జాతీయ కార్మిక సంస్థ మొట్టమొదటి సమావేశం జరిగింది. ప్రసవం తర్వాత ఆరు వారాలు ఆడమనిషితో పని చేయించకూడదని అక్కడే ఒక ఒప్పందం రాశారు. మన దేశం దాన్ని ఆమోదించలేదు. 1924లో కేంద్ర శాసనసభలో ఎన్.ఎం. జోషి బిల్లు పెట్టారు, నెగ్గలేదు. బొంబాయి 1929లో సొంతంగా చట్టం చేసుకుంది. ముందు ఏడాది అక్కడి కౌన్సిల్లో ఆ బిల్లు తరఫున మాట్లాడినవాళ్లలో అంబేద్కర్ ఒకరు. తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ 1934లో చట్టం చేసింది. అప్పుడు బెజవాడ, బందరు, గుడివాడ అన్నీ మద్రాసు కిందే కదా. అంటే కాగితం మీద ఈ హక్కు కృష్ణా డెల్టాకి వచ్చి తొంభై ఏళ్లవుతోంది.

కానీ అది ఫ్యాక్టరీల కోసం రాసిన చట్టం. మన డెల్టాలో ఆడవాళ్లు ఎక్కువమంది పని చేసింది వరి చేలల్లో. నాట్లు, కలుపు, కోత. ముఠాతో వెళ్లే మనిషికి యజమాని ఎవరండీ? ఇవాళ ఒక రైతు, రేపు ఇంకో రైతు. ఈ ప్రశ్న పక్కన పెట్టుకోండి, మళ్లీ వస్తా.

స్వాతంత్ర్యం వచ్చాక 1948లో ఈఎస్ఐ చట్టం, 1961లో ప్రసూతి ప్రయోజనాల చట్టం వచ్చాయి. నేను కోడ్ రాసి బతికిన మనిషిని, ఏ చట్టం తెరిచినా ముందు డెఫినిషన్లు చూస్తాను. 1961 చట్టంలో అసలు విషయమంతా మూడో సెక్షన్‌లోనే ఉంది. అందులో 'బిడ్డ' అనే మాటకి చనిపోయి పుట్టిన బిడ్డ కూడా బిడ్డే అని రాశారు. 'గర్భస్రావం' అంటే 26వ వారం లోపు, లేదా ఆ వారంలో గర్భం పోవడం అని రాశారు. ఈ రెండూ కలిపి చదివితే ఒక ఇఫ్-ఎల్స్ కనిపిస్తుంది. 26 వారాల్లోపు గర్భం పోతే, మరుసటి రోజు నుంచి ఆరు వారాలు జీతంతో సెలవు. అది దాటాక బిడ్డ ప్రాణం లేకుండా పుట్టినా చట్టం దాన్ని ప్రసవంగానే చూస్తుంది, పూర్తి ప్రసూతి సెలవు ఇవ్వాలి. అది అప్పట్లో 12 వారాలు, 2017 సవరణ తర్వాత 26. ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది పిల్లలున్నవాళ్లకి 12 వారాలే, కానీ లెక్కలోకి వచ్చేది బతికున్న పిల్లలు మాత్రమే. పోయిన బిడ్డని లెక్కేసి సెలవు తగ్గించడానికి లేదు.

ఈ తేడా చాలా ఆఫీసుల్లో హెచ్ఆర్ వాళ్లకే తెలియదు. "బిడ్డ లేదు కదా, సిక్ లీవ్ పెట్టుకోండి" అంటారు. ఆ సమయంలో వాదించే ఓపిక ఎవరికుంటుంది? పెట్టేసుకుంటారు.

గర్భస్రావం వల్ల జబ్బు పడితే ఇంకో నెల సెలవు కూడా ఉంది. 1995లో డాక్టర్ చేసిన చట్టబద్ధమైన గర్భవిచ్ఛిత్తిని కూడా ఆరు వారాల్లోకి చేర్చారు. మన వాడుకలో రెంటికీ 'అబార్షన్' అనే ఒక్క మాటే కాబట్టి ఇది గుర్తుంచుకోండి. జీతం నెలకి 21,000 లోపు ఉండి ఈఎస్ఐ కార్డు ఉంటే ఆ డబ్బు కంపెనీ కాదు, ఈఎస్ఐ ఇస్తుంది. 2025 నవంబర్ 21 నుంచి 1961 చట్టం స్థానంలో సామాజిక భద్రత కోడ్ వచ్చింది. ఆరు వారాలు అందులోనూ అలాగే ఉన్నాయి.

ఇది ఉద్యోగం దారి. రెండో దారి పథకాలది, దాని లెక్క వేరు. 1995 జాతీయ ప్రసూతి సాయం పథకంలో పేద తల్లికి 300 రూపాయలు, తర్వాత 500. అది కూడా బతికి పుట్టిన మొదటి ఇద్దరు పిల్లల వరకే. 2005లో జననీ సురక్ష వచ్చింది, అది ఆస్పత్రిలో కాన్పు కోసం. 2010లో ఇందిరా గాంధీ మాతృత్వ సహయోగ్ యోజన 4,000 రూపాయలతో ప్రయోగంగా మొదలైంది. ఉమ్మడి రాష్ట్రంలో దానికి ఎంపికైనవి మన పక్కనే ఉన్న పశ్చిమ గోదావరి, ఇంకా నల్గొండ. 2013 ఆహార భద్రత చట్టం ప్రతి గర్భిణికీ 6,000కి తగ్గకుండా ఇవ్వాలంది. 2017లో వచ్చిన మాతృ వందన యోజన దాన్ని మొదటి బిడ్డకి 5,000 చేసి, మూడు వాయిదాలుగా ఇచ్చింది.

ఇక్కడ నాకు కోపం వచ్చే రూల్ ఒకటుంది. మొదటి వాయిదా తీసుకున్నాక గర్భం పోతే, తర్వాతి గర్భంలో మిగిలిన వాయిదాలే ఇచ్చేవారు. అంటే పోయిన కడుపు కోసం తిన్న తిండిని వచ్చే కడుపు ఖాతాలో రాసినట్టే. 2022 మార్గదర్శకాల్లో దీన్ని మార్చారు. ఇప్పుడు గర్భస్రావమైనా, బిడ్డ చనిపోయి పుట్టినా, తర్వాతి గర్భంలో ఆమెని కొత్త లబ్ధిదారుగానే చూడాలి. అంగన్‌వాడీలో ఎవరైనా "నువ్వు ఆల్రెడీ తీసుకున్నావమ్మా" అంటే ఈ మాట చెప్పండి.

గమనించారా, 1961 చట్టం ఆడమనిషి ఒంటిని చూసి డబ్బిచ్చింది, బిడ్డ ఉన్నా లేకపోయినా ఆ ఒళ్లు కోలుకోవాలి కాబట్టి. పథకాలు బిడ్డని చూసి ఇచ్చాయి. అందుకే ఇందాకటి నాట్ల ముఠా మనిషికి ఆరు వారాల కూలి ఇచ్చేవాళ్లు లేరు. నాట్ల రోజుల్లో గర్భం పోతే వారం తిరక్కుండా మళ్లీ బురదలో దిగాల్సిందే. దినకూలీలకి దారి తెరుచుకున్న సందర్భం ఒకటుంది. ఢిల్లీ మునిసిపాలిటీలో మస్టర్ రోల్ మీద రోడ్డు పని చేసే ఆడవాళ్ల కేసులో, వాళ్లకీ ప్రసూతి చట్టం వర్తిస్తుందని 2000లో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ ఎదురుగా ఒక మునిసిపాలిటీ ఉంది, పొలంలో అలాంటి యజమాని లేడు.

ఉద్యోగం ఉన్నవాళ్లకి ఒక్క మాట. సెలవు అడగాలంటే రుజువు కావాలి. డిశ్చార్జ్ సమ్మరీలో ఎన్నో వారంలో జరిగిందో డాక్టర్ చేత స్పష్టంగా రాయించుకోండి. 25వ వారమా, 27వ వారమా అన్నదాన్ని బట్టి ఆరు వారాలా, ఆరు నెలలా అన్నది తేలుతుంది. ఆవిడ ఆ పరిస్థితిలో ఉండదు, భర్తో అన్నదమ్ములో వెళ్లి అడగాలి. ఈఎస్ఐ క్లెయిమ్ ఎలా పెట్టాలో వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. ఉంటానండి.