తోడు పెట్టిన ప్రొటీన్

ఇంక్యుబేటర్ తలుపు తీయగానే పులిసిన వాసన ముఖాన కొడుతుంది. రాత్రంతా పొంగిన దోసెల పిండి, తెల్లవారుజామున బేకరీ వెనక సందు, రెండూ కలిసినట్టుంటుంది. లోపల 30 డిగ్రీలు. నాలుగు రోజుల కింద పెట్టిన ప్లేట్లు బోర్లించి, దొంతరగా ఉన్నాయి. పై ప్లేటు తీసి వెల్లకిలా తిప్పండి. దీపం కిందికి తెచ్చుకోండి.

ఎర్రటి చుక్కలు. ఆవగింజంత కొన్ని, పెసరగింజంత కొన్ని. బాగా పండిన గోరింటాకు రంగు. ఒక్కో చుక్క ఒక కాలనీ, అంటే ఒకే తల్లి కణానికి పుట్టిన లక్షల సంతానం. రొట్టెలు పొంగించే ఈస్టే ఇది. కాకపోతే అడినిన్ తయారుచేసే వరుసలో ఒక జన్యువు చెడింది. ఒక్క అక్షరం మారి, వాక్యం మధ్యలో ‘ఆగు’ అనే గుర్తు వచ్చి పడింది. ప్రొటీన్ సగంలో తెగిపోతుంది, పని నిలిచిపోతుంది, వాడకుండా మిగిలిన సరుకు కణంలో పేరుకుని ఎర్రబడుతుంది.

ఇప్పుడు రెండో ప్లేటు చూడండి. అదే ఈస్ట్, అదే చెడిన జన్యువు, అదే తప్పు గుర్తు. కాలనీలు మాత్రం మీగడలా తెల్లగా ఉన్నాయి.

1965లో జన్యుశాస్త్రవేత్త బ్రయన్ కాక్స్‌ను పట్టుకున్నది ఇలాంటి రంగుల తేడాయే. దానికి కారణమైనదేదో తెలియక ‘సై’ అనే గ్రీకు అక్షరాన్ని పేరుగా పెట్టాడు. పేరు పెట్టాక, అది ఏమిటో తేలడానికి సుమారు ముప్పై ఏళ్లు పట్టింది.

రండి, సూక్ష్మదర్శిని దగ్గర కూర్చోండి. ఎర్ర కణాన్ని తెల్ల కణంతో జత కట్టించాం. పుట్టిన సంతానాన్ని పొటాషియం అసిటేట్ ప్లేటు మీద ఆకలికి వదిలేశాం. తిండి లేకపోతే ఈస్ట్ బీజాలు కడుతుంది, ఒక్కో సంచిలో నాలుగేసి. సంచి గోడను ఎంజైముతో కరిగించాం. ఇప్పుడు ఆ నాలుగింటినీ విడదీయాలి. చేతిలో ఉన్నది వెంట్రుకంత సన్నని గాజు సూది. మీ ఊపిరి తగిలినా కదులుతున్నట్టే ఉంటుంది. సూది కొనను జెల్లీకి ఆనించండి. బీజం దానికి అంటుకుని వస్తుంది. పక్కకు జరిపి దించండి. ఇంకొకటి. ఇంకొకటి. మెడ పట్టేస్తుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి, ఒక సంచి పూర్తయ్యేసరికి ఎందుకో నవ్వొస్తుంది.

మూడు రోజులాగి చూడండి. మెండెల్ లెక్క ప్రకారం రెండు ఎరుపు, రెండు తెలుపు రావాలి. నాలుగూ తెల్లగా వచ్చాయి. పక్క వరుసలోనూ నాలుగూ తెలుపే, ఆ పక్కనా అంతే. క్రోమోజోముల మీద కూర్చున్న లక్షణం ఏదీ ఇలా అందరికీ అందదు.

తెల్ల కాలనీని టూత్‌పిక్‌తో తాకి, గ్వానిడిన్ అనే రసాయనం కలిపిన ప్లేటు మీద గీయండి. కొద్దిపాటే, లీటరుకు 5 మిల్లీమోల్. కణాలు చావవు, కాస్త నెమ్మదిగా పెరుగుతాయి. అక్కడినుంచి మామూలు ప్లేటు మీదికి మార్చండి. ఎర్రగా వస్తాయి! డీఎన్‌ఏ చదివితే ఒక్క అక్షరమూ మారలేదు. అంతేకాదు, ఈ ఎర్రవాటిని పెంచుతూ పోతే లక్షల్లో ఒకటి ఎప్పుడో తనంతట తానే మళ్లీ తెల్లబడుతుంది. పోయిన జన్యువు అలా తిరిగి రాదు కదా.

1994లో అమెరికాలో రీడ్ విక్నర్ పట్టుకున్న దారం ఇదే. పోయి మళ్లీ వచ్చేది జన్యువు కాదు, ప్రొటీన్ ఆకారం అన్నాడు. ఆ మాట యూఆర్‌ఈ3 అనే మరో ఈస్ట్ లక్షణం గురించి రాస్తూ, సైకి కూడా ఇదే వర్తిస్తుందన్నాడు. గొర్రెల మెదడు జబ్బు కారకానికి స్టాన్లీ ప్రూసినర్ 1982లో పెట్టిన ‘ప్రయాన్’ అనే పేరు ఇలా ఈస్ట్‌లోకి వచ్చింది.

సై వెనకున్న ప్రొటీన్ సప్35. జన్యు వాక్యాన్ని చదివి ప్రొటీన్ కట్టే రైబోసోమ్‌ను ‘ఆగు’ గుర్తు దగ్గర ఆపడంలో చెయ్యి వేయడం దాని పని. అది మడత మారి, ఒకదానికొకటి అతుక్కుని పోగులు పడితే, ఆపేవాళ్లు తక్కువైపోతారు. రైబోసోమ్ అప్పుడప్పుడు తప్పు గుర్తును దాటి చదివేస్తుంది, ప్రొటీన్ పూర్తిగా తయారవుతుంది, కాలనీ తెల్లబడుతుంది. కొత్తగా పుట్టిన సప్35 ఆ పోగు కొసకు తగిలితే చాలు, తానూ అదే మడతలోకి పోతుంది. గోరువెచ్చని పాలలో చెంచాడు పెరుగు తోడు వేసినట్టే. కాకపోతే పెరుగులో ప్రాణమున్న సూక్ష్మజీవులుంటాయి. ఇక్కడ తోడు పెట్టేది ఉత్త ఆకారం.

పోగు పెరిగితే సరిపోదు, తెగాలి కూడా. హెచ్‌ఎస్‌పీ104 అనే ప్రొటీన్ వాటిని ముక్కలు చేస్తుంది. మొగ్గ తొడిగిన పిల్ల కణంలోకి ఆ ముక్కలు జారిపోతాయి, రేపటి తోడుకు గిన్నె అడుగున పెరుగు మిగిల్చినట్టు. గ్వానిడిన్ పోగుల్ని కరిగించదు, ఆ కత్తిని ఆపుతుంది. కణాలు విడిపోతూనే ఉంటాయి, తోడు పలచబడి పలచబడి ఒక తరంలో ఎవరికీ అందదు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రయోగం 2004లోది. మొటోమాసా తనాకా, జొనాథన్ వైస్‌మన్ బృందం బ్యాక్టీరియాలో చేయించిన సప్35 ముక్కను శుద్ధి చేసి, కొంత 4 డిగ్రీల దగ్గర, కొంత 37 దగ్గర పోగులు కట్టనిచ్చింది. గోడ ఒలిచిన ఈస్ట్ కణాల్లోకి ఆ పోగుల్ని పంపింది. చలిలో కట్టిన పోగులు అందుకున్నవి ఎక్కువగా తెల్లటి కాలనీలయ్యాయి, వేడిలో కట్టినవి అందుకున్నవి ఎక్కువగా గులాబీ రంగు తేలాయి. ప్రొటీన్‌లో అక్షరాలు ఒక్కటే, మడతలు వేరు. గాజు గొట్టంలో ప్రొటీన్ చూసిన చలీ వేడీ తరతరాలుగా రంగై కనిపిస్తోంది. దీన్ని తలుచుకున్నప్పుడల్లా వంశం అనే మాటను కొత్తగా వింటున్నట్టుంటుంది నాకు.

ఇలాంటి ప్రయాన్ ఈస్ట్‌కు జబ్బా, ఆసరానా అన్న వాదం పరిశోధకుల మధ్య గట్టిగానే నడిచింది. సుసాన్ లిండ్‌క్విస్ట్ ఆసరా అంది, విక్నర్ జబ్బే అన్నాడు. 2012లో లిండ్‌క్విస్ట్ బృందం ప్రకృతిలో దొరికిన దాదాపు 700 రకాల ఈస్ట్‌లను గాలించి, కొన్నింట్లో సైని చూసింది. అది ప్రయోగశాలలో మాత్రమే పుట్టిన వింత కాదని నాకు నమ్మకం కుదిరింది అప్పుడే.

ప్లేట్లు ఫ్రిజ్‌లో పెట్టి రేపు రండి, చలికి ఎరుపు ఇంకా ముదురుతుంది. వచ్చాక, ఇంకో ప్లేటులో ఉన్న గులాబీ కాలనీల్లో ఒకదాన్ని భూతద్దం కింద పెట్టండి. అంచు నుంచి లోపలికి, కోసిన పుచ్చకాయ ముక్కలా ఒక ఎర్ర చీలిక ఉంది. దాని మొనను వేలితో చూపించండి. పిల్ల కణం ఒకటి తోడు అందకుండా విడిపోయింది అక్కడే.