కారు అసలు గుర్తింపు చాసిస్ నంబరే: బయానా ఇచ్చే ముందు ఈ 17 అక్షరాలు చూడండి

సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు చాలామంది రంగు, టైర్లు, తిరిగిన కిలోమీటర్లు చూస్తారు. నంబర్ ప్లేట్, ఆర్సీ కలిస్తే చాలనుకుని బయానా ఇచ్చేస్తారు. కానీ వేరే బండి నంబర్‌తో ప్లేటు బిగించడం కొద్ది నిమిషాల పని. కారు బాడీ మీద లోహంలో చెక్కిన చాసిస్ నంబర్‌ను మార్చడం అంత సులువు కాదు. ఒకవేళ మార్చినా ఆనవాళ్లు మిగులుతాయి. అందుకే కాగితం కంటే ముందు బండి మీద ఉన్న నంబర్ చూడాలి.

దీన్నే వెహికల్ ఐడెంటిఫికేషన్ నంబర్, పొట్టిగా విన్ అంటారు. మన దగ్గర మెకానిక్‌లు, ఆర్టీఏ ఏజెంట్లు చాసిస్ నంబర్ అనే అంటారు. ఇంజన్ నంబర్ వేరు. ఇంజన్ మార్చి ఆ విషయం ఆర్సీలో ఎక్కించుకోవచ్చు. చాసిస్ నంబర్ మాత్రం కారు ఉన్నంత కాలం ఒక్కటే.

ఎక్కడ ఉంటుంది?

మోడల్‌ను బట్టి చోటు మారుతుంది. కొన్ని కార్లలో బానెట్ ఎత్తితే ఇంజన్ వెనక గోడ మీద కనిపిస్తుంది. కొన్నింటిలో ముందు సీటు దగ్గర కార్పెట్ పైకి లేపి చూడాలి. తలుపు తెరిస్తే కనిపించే స్తంభం మీద గానీ, బానెట్ కింద గానీ కంపెనీ ప్లేటు, స్టిక్కర్ కూడా ఉంటాయి. సరిగ్గా ఎక్కడుందో కారుతో వచ్చే ఓనర్స్ మాన్యువల్‌లో రాసి ఉంటుంది.

ఎలా చదవాలి?

ఇందులో అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు కలిపి 17 ఉంటాయి. ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. 1, 0 అంకెలతో పొరపాటు పడకుండా ఈ ఏర్పాటు. కాబట్టి ఓ లాగా కనిపించేది సున్నాయే.

మొదటి మూడు అక్షరాలు తయారీదారును చెబుతాయి. ఎం-ఏ-3 అంటే మారుతి సుజుకి, ఎం-ఏ-ఎల్ అంటే హ్యుందాయ్ ఇండియా, ఎం-ఏ-టి అంటే టాటా మోటార్స్, ఎం-ఏ-1 అంటే మహీంద్రా. ఆ తర్వాతి భాగం మోడల్, బాడీ, ఇంజన్ రకం తెలుపుతుంది. చివరి అంకెలు ఆ ఒక్క బండికే చెందిన వరుస సంఖ్య.

చాలా కంపెనీల నంబర్లలో పదో అక్షరం సంవత్సరానికి గుర్తు. 2018కి జె, 2019కి కె, 2020కి ఎల్, 2021కి ఎం, 2022కి ఎన్, 2023కి పి, 2024కి ఆర్, 2025కి ఎస్. డిసెంబర్‌లో తయారై జనవరిలో రిజిస్టర్ అయిన కారును అమ్మేవాళ్లు ఒక ఏడాది కొత్తదిగా చెప్పి ధర పెంచుతుంటారు. అలాంటప్పుడు ఈ అక్షరం పనికొస్తుంది. ఆర్సీలో తయారీ నెల, సంవత్సరం కూడా చూసుకోవాలి.

ఎలా సరిచూడాలి?

1. బండి మీద చెక్కిన నంబర్, కంపెనీ ప్లేటు, ఆర్సీ, ఇన్సూరెన్స్ పాలసీ, ఈ నాలుగూ అక్షరం అక్షరం కలవాలి.

2. నంబర్ చుట్టూ గ్రైండింగ్ గీతలు, కొత్త పెయింట్, వెల్డింగ్, లప్పం ఉన్నాయేమో చూడాలి. అక్షరాల లోతు, వరుస సమానంగా ఉండాలి. సన్నని కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే ప్రింట్ వస్తుంది, తేడా తెలిసిపోతుంది.

3. పరివాహన్ సైట్‌లో చాలా సేవలకు బండి నంబర్‌తో పాటు చాసిస్ నంబర్ చివరి 5 అక్షరాలు అడుగుతారు. బండి మీద చూసిన అక్షరాలనే కొట్టాలి.

4. నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో వారి వాహన్ సమన్వయ్ సేవలో ఆ కారు మీద చోరీ కేసు ఉందా అని చూడొచ్చు.

తేడా వస్తే?

ఆర్సీలో ఒక్క అక్షరం తప్పు పడి ఉంటే, అమ్మే మనిషే ఆర్టీఏ ఆఫీసులో సరిచేయించి ఇవ్వాలి. లేదంటే పేరు మార్పిడి ఆగుతుంది, రేపు యాక్సిడెంట్ క్లెయిమ్‌లో చిక్కు వస్తుంది. నంబర్ చెరిపినట్టు కనిపిస్తే మాత్రం బేరం అక్కడితో ఆపేయాలి. దొంగ బండి అని తేలితే పోలీసులు కారు తీసుకెళ్తారు, కట్టిన డబ్బు తిరిగి రావడం కష్టం. అనుమానం ఉండి కూడా కొంటే భారతీయ న్యాయ సంహిత 317 సెక్షన్ కింద కేసు పడొచ్చు.

గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు

సౌదీలో ఇస్తిమారా, దుబాయ్‌లో ముల్కియా మీద కూడా ఇదే నంబర్ ఉంటుంది. మొదటి అక్షరం జె అయితే జపాన్, కె అయితే కొరియా, 1, 4, 5 అయితే అమెరికాలో తయారైనట్టు. అమెరికాలో యాక్సిడెంట్ అయిన కార్లు బాగుచేసి గల్ఫ్‌లో అమ్ముతుంటారు. విన్ ఇచ్చి పాత చరిత్ర తీయించాకే కొనడం మంచిది.

చివరగా ఒక మాట. సొంత కారు అమ్మకానికి పెట్టినప్పుడు పూర్తి చాసిస్ నంబర్ కనిపించే ఆర్సీ ఫోటోను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. ఆ వివరాలతో దొంగ బండికి నకిలీ కాగితాలు పుట్టించే ప్రమాదం ఉంది. నిజంగా కొనేవాళ్లు ఇంటికి వచ్చి బండి మీదే చూసుకుంటారు.